బెండు కిరీటాల గుహ

కుసుమగిరి రాజధానికి ఉత్తరాన భేతాళశృంగం అనే కొండ ఉంది. కార్తీకపు వెన్నెల్లో దాని తెల్లని చరియలు ముత్యాలు ఆరబోసినట్టు మెరుస్తాయనీ, అక్కడి సెలయేళ్ళు అప్సరసల అందెలు మోగినట్టు గలగలలాడతాయనీ, శిఖరాన్ని చుట్టుకున్న మబ్బు పట్టు తలపాగాలా ఉంటుందనీ ఆస్థాన కవులు పద్యాల మీద పద్యాలు చెప్పారు. అందరూ కోట మేడ మీద, మెత్తని బాలీసులకి ఆనుకునే చెప్పారు. ఎక్కి చూసి చెప్పిన కవి ఒక్కడూ లేడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పట్టాభిషేకానికి ముందు యువరాజు ఒంటరిగా ఆ కొండెక్కి, శిఖరం కింద ఉన్న గుహలో ఒక రాత్రి గడపాలి. తెల్లవారేలోగా గుహ ముందు మంట వెయ్యాలి. ఆ వెలుగు కోట బురుజు మీది కాపలావాళ్ళ కంటపడగానే నగారా మోగుతుంది. నగారా మోగితే యువరాజు ధైర్యవంతుడని లోకానికి రుజువైనట్టే, సింహాసనం అతనిదే. ఇంతవరకూ ఏ తరంలోనూ నగారా మోగకుండా లేదు. కుసుమగిరి రాజులు అంతటి ధైర్యవంతులు.

ఇప్పటి యువరాజు పేరు ప్రతాపకేసరి. ఉరిమితే తల్లి గదిలోకి పరుగెత్తుతాడు. బల్లి మీద పడితే మూడు పూటలా శాంతి చేయిస్తాడు. కొండ ఎక్కాలనగానే అతనికి జ్వరం తగిలింది, ముహూర్తం దగ్గరపడే కొద్దీ పెరిగింది.

అందువల్ల, ఆ సాయంకాలం పట్టుబట్టలు కట్టి, ఒంటినిండా నగలు దిగేసుకుని కొండదారిన రొప్పుతూ ఎక్కుతున్నవాడు ప్రతాపకేసరి కాదు. పగటివేషాల పుల్లన్న.

పుల్లన్నది ఊరూరా తిరిగే మేళం. పగటిపూట ఇంటింటి ముందూ రోజుకో వేషం కట్టి మెప్పించి, ఆఖరి రోజున సంభావన పుచ్చుకుని సాగిపోయేవాళ్ళు. రాజధానిలో ఒకనాడు పుల్లన్న యువరాజు వేషం కట్టి బజారులో నడిస్తే, నిజమనుకుని కొత్వాలు సాష్టాంగపడ్డాడు. ఆ సంగతి మంత్రి ధర్మదత్తుడి చెవినపడింది. ఆ రాత్రే పుల్లన్నకి కోట నుంచి పిలుపు వచ్చింది.

"ఒక్క రాత్రి పని," అన్నాడు మంత్రి. "యువరాజులా ఎక్కు, గుహలో పడుకో, మంట వెయ్యి, దిగి రా. నీ మేళానికి జీవితాంతం లోటుండదు."

"నాకు ఎత్తులంటే కళ్ళు తిరుగుతాయి దొరా," అన్నాడు పుల్లన్న. "అయినా కొండ మీద వేషం ఎవురు చూడొచ్చారు?"

"నీ భార్య అంకాలు అంతవరకూ మా అతిథిగా కోటలో ఉంటుంది. నగారా మోగగానే పంపించేస్తాం. మోగలేదంటే..."

మంత్రి ఆ మాట పూర్తి చెయ్యలేదు. అలాంటి మాటలు పూర్తి చెయ్యనివాళ్ళనే మంత్రులుగా పెడతారు.

తక్కిన ఏర్పాట్లన్నీ పకడ్బందీగా జరిగాయి. అసలు యువరాజుకి పుల్లన్న పాత పంచె కట్టి, మొహానికి ఇంత మసి పూసి, మేళంవాళ్ళ పాకలో పడుకోబెట్టారు. యువరాజు అక్కడ ఉంటాడని ఎవరూ అనుకోరు గనక అంతకన్నా మంచి దాపు లేదు. ఒక్క కిరీటం విషయంలో మాత్రం మంత్రి ససేమిరా అన్నాడు. "ఖజానా కిరీటం కొండలకీ గుట్టలకీ పంపే పద్ధతి లేదు. నీ దగ్గరున్నది పెట్టుకో," అన్నాడు. పుల్లన్న కిరీటం జీలుగు బెండుతో చేసింది. పైన తగరపు రేకు, గాజు పూసలు, గాలికి ఎగిరిపోకుండా గడ్డం కింద కట్టుకునేందుకు ఒక తాడు. వెనకవైపు బెండుతోనే చెక్కిన చిన్న చిలక. ఆ చిలక వాళ్ళ మేళం గుర్తు. ముందువైపు రాజు, వెనకవైపు చిలక. జనం ముందు నుంచే చూస్తారు గనక ఇబ్బంది లేదు.

బయల్దేరే ముందు కటకటాల అవతల నుంచి అంకాలు మాట్లాడింది.

"మావా, ఎక్కేటప్పుడు కిందకి చూడమాక. నీకసలే కళ్ళు తిరుగుతాయి."

"బిరాన వచ్చేస్తానే."

"బిరాన వద్దు. జాగర్తగా రా. నువ్వు జారిపడితే నన్నెవురు ఇడిపిస్తారు?" అని నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే ఏడుపు వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మొహం గుండెల్లో పెట్టుకునే పుల్లన్న కొండ ఎక్కడం మొదలుపెట్టాడు. తిరిగి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకోవాలి. ఆ కొండ మీద అతనికి ఇంకో కోరిక లేదు.

ఊరేగింపు కొండ అడుగు దాకా మహావైభవంగా సాగింది. మొదటి మలుపు దగ్గర సన్నాయివాళ్ళకి ఊపిరి చాల్లేదు. ఆ పై మలుపులో సేనాపతికి పాత గాయం సలపడం మొదలైంది. ఆయన అప్పుడెప్పుడో మెట్ల మీంచి పడినప్పటి గాయం అది. కత్తులు పట్టిన భటులు ఒక్కొక్కరే ముళ్ళు తీసుకుంటూ చెట్ల వెనక ఆగిపోయారు. చివరికి మిగిలింది రాజపురోహితుడు. దారికి అడ్డంగా తడిమట్టిలో వెడల్పాటి పులి అడుగులు కనిపించగానే ఆయన కూడా ఆగాడు.

"ఇక్కణ్ణుంచి ఒంటరిగా వెళ్ళాలని శాస్త్రం, నాయనా," అని అక్షింతలు దూరం నుంచే విసిరి, దీవెన పూర్తికాకముందే వెనక్కి తిరిగాడు.

పుల్లన్న ఒక్కడే మిగిలాడు. పడమటి ఆకాశం మోదుగుపూల తోటలా ఎర్రబడింది. లోయల్లోంచి నీలిరంగు పొగమంచు మెల్లగా లేచి, అడవి కొసలను ఒక్కొక్కటే కప్పుకుంటూ పైకి వచ్చింది. ఎక్కడో నెమళ్ళు అరిచాయి. ఇంకెక్కడో, నెమళ్ళు కానిది ఏదో అరిచింది. అతను దారి వదలకుండా, కిందికి చూడకుండా ఎక్కాడు. రాజుగారి బంగారు పాదుకలు మడమలు కొరుకుతుంటే తీసి చంకన పెట్టుకున్నాడు.

లోయకి అడ్డంగా తీగల వంతెన ఉంది. సగం దాటాక వెనక తీగ ఫట్టున తెగింది. వంతెన ఊయలై అతన్ని అవతలి చరియకేసి కొట్టింది. పాదుకలు పాతాళానికి వెళ్ళాయి. పుల్లన్న ఒక మర్రి ఊడ దొరకబుచ్చుకుని, చేతులూ మోకాళ్ళూ చీరుకుంటూ పైనున్న రాతి తిన్నె మీదికి పాకాడు. అక్కడొక ఎలుగ్గొడ్డు ఇప్పపూలు తింటూ ఉంది.

పుల్లన్న లేచి నిలబడి, మీసం మెలేసి, రచ్చబండలు దద్దరిల్లే తన రాజు గొంతుతో, "ఎవరక్కడ!" అని గర్జించాడు.

ఎలుగ్గొడ్డు నిజంగానే తినడం ఆపింది. అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. కొత్వాలు కన్నా దానికి తెలివెక్కువ అయ్యుండాలి, రెండు కాళ్ళ మీద లేచి మీదికి వచ్చింది.

పుల్లన్న పరుగెత్తాడు. ఎలుగు తరిమింది. అంతలో ఆకాశం ఎక్కడో చిల్లుపడి వాన ఒక్కసారిగా కుమ్మరించింది. మెరుపు మెరిసినప్పుడల్లా దారి కనబడుతుంది, చీకటిపడగానే లోయ అయిపోతుంది. కాలి కింద మట్టి జారింది. అతనూ, ఒక బండరాయీ, ఒక ముళ్ళచెట్టూ కలిసి కొంత దూరం ప్రయాణం చేశారు. బండ లోయలోకి వెళ్ళింది. చెట్టు మధ్యలో చిక్కుకుంది. పుల్లన్న మాత్రం రాళ్ళ మధ్య ఒక నల్లని సందులోంచి దొర్లి, పొడినేల మీద వెల్లకిలా పడ్డాడు. తల తడుముకున్నాడు. తాడు పుణ్యమా అని కిరీటం ఉంది.

ఆచారం ప్రకారం చేరవలసిన గుహకి అతను ఈ పద్ధతిలో చేరుకున్నాడు.

లోపల చీకటి లేదు. గుహ గోడల నిండా ఏవో నాచులు పచ్చటి వెలుగు చిమ్ముతున్నాయి. కప్పు మీంచి వేలాడే రాతి ఊడల కొసన నీటిబొట్లు వేలకొద్దీ పచ్చలై మెరుస్తున్నాయి. నేల పట్టుతివాచీలా నునుపుగా ఉంది. చివరన మనిషి ఎత్తుకి రెండింతలు ఉండే నల్లరాతి యక్షిణి విగ్రహం. మూసిన పెద్ద కళ్ళు, నాలుక బయట, చాచిన అరచేతిలో ఒక రాతి ప్రమిద. ప్రమిదలో నూనె లేదు, వత్తి లేదు. విగ్రహం పాదాల దగ్గర ఒక బలిపీఠం. పీఠం నున్నగా అరిగి ఉంది. ఎందువల్ల అరిగిందో ఆలోచించడం పుల్లన్నకి ఇష్టం లేకపోయింది.

"ఎవడురా అది?" అని గుహ లోపలి నుంచి ఒక గొంతు ఉరిమింది.

ఇక్కడ పుల్లన్న చేసిన పొరపాటు లోకంలో పగటివేషగాడు తప్ప మరొకడు చెయ్యడు. ఇంకెవడైనా అయితే "దారి తప్పిన పేదవాణ్ణి బాబూ" అని కాళ్ళమీద పడేవాడు, బతికిపోయేవాడు. కాని ఆ మేళంలో ఒక కట్టుబాటు ఉంది. సంభావన చేతికందేవరకూ వేషం విప్పకూడదు. ఎదురుగా పాము పడగెత్తినా, మొలతాడు తెగిపోయినా, "ఎవరు నువ్వు" అని అడిగినవాడికి వేషమే జవాబు చెప్పాలి. తాత ముత్తాతల నుంచీ నాలుకకి పట్టిన అలవాటు. పుల్లన్న భయంతో వణుకుతూనే ఛాతీ విరుచుకున్నాడు.

"ఎవరని అడుగుచున్నావా! శత్రురాజుల గుండెలలో నిద్రించువాడను, కుసుమగిరి సింహాసనమునకు వారసుడను, సూర్యవంశ సముద్రమునకు చంద్రుడను, ప్రతాపకేసరి మహారాజకుమారుడను! బహుపరాక్!"

గుహ ఆ పరాకుని తిరిగి తిరిగి చెప్పింది. ఎంత బాగా పలికానో అని పుల్లన్నకి ఒక్క క్షణం ముచ్చట వేసింది.

లోపలి నుంచి ఒక ముసలివాడు పరుగులాంటి నడకతో వచ్చాడు. పాదాల దాకా జటలు, మెడలో పుర్రెల దండ, చేతిలో ఆనపకాయలు కొయ్యడానికి కూడా భయపడేటంత పెద్ద కత్తి. ఇతని పేరు కరాళదంతుడు. ఆ పేరు పెట్టిన కాలంలో అతనికి పళ్ళు ఉండేవి.

"వచ్చావా యువరాజా!" అన్నాడు ఆనందంతో బోసినోరు తెరిచి. "నీ తండ్రి కాలం నుంచీ ఎదురు చూస్తున్నాను. కాస్త ఆలస్యమైంది. వానలో తడిశావు కదూ? పీఠం మీద కూర్చో, వెచ్చగా ఉంటుంది."

"ఎందుకు స్వామీ?"

"తల నరకడానికి."

ఆ మాంత్రికుడు చాలా కాలంగా మాట్లాడే మనిషి దొరక్క మొహం వాచి ఉన్నాడు. అందువల్ల కత్తి నూరుకుంటూ అంతా చెప్పాడు. రాజవంశపు రక్తం ఒక్క బొట్టు సోకితే చాలు, యక్షిణి చేతిలో ప్రమిద దానంతటదే వెలుగుతుంది. ఆ రాజు తల పీఠం మీద రాలి ప్రమిద వెలిగితే కరాళదంతుడికి నవయౌవనం, అష్టసిద్ధులు, కొత్త పళ్ళు వస్తాయి. ఇందుకోసమే చావురాని మూలిక ఒకటి నములుతూ తరతరాలుగా ఇక్కడ కూర్చున్నాడు. యువరాజు వచ్చినప్పుడల్లా తల నరికాడు. ఒక్కసారీ ప్రమిద వెలగలేదు.

"ఎక్కడ తప్పు జరుగుతోందో బోధపడదు," అన్నాడు కరాళదంతుడు దిగులుగా. "మొదట ముహూర్తం దోషమనుకున్నాను. తర్వాత పూలు మార్చాను. పళ్ళు ఊడాక మంత్రం సరిగ్గా పలకడం లేదేమోనని అనుమానం పట్టుకుంది. ఒక్క శకారం కోసం ఎన్నేళ్ళు సాధన చేశానో నీకు తెలియదు."

"మరి... నగారా మోగుతూనే ఉంది కదా స్వామీ ప్రతిసారీ? ఆ మంట ఎవురు వేశారు?"

"నేనే. శవాలని గుహలో ఉంచుకుంటానా? తెల్లవారుజామున బయట పెట్టి కాల్చేస్తాను. నీకా దిగులు అక్కర్లేదు, నీ మంట కూడా నేనే వేస్తాను."

తరతరాలుగా కోట మేడ మీద నిలబడి జనం చేతులు జోడించిన వెలుగు అదన్నమాట. తెల్లవారితే అంకాలుని వదిలేస్తారు. ఆమె సంబరంగా కోట గుమ్మంలో నిలబడి కొండకేసి చూస్తుంది. తను కాలుతున్న మంట చూసి, మావ క్షేమంగా ఉన్నాడని దణ్ణం పెట్టుకుంటుంది. ఆ ఊహకి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కట్టుబాటు గాలికి పోయింది. "స్వామీ, నేను యువరాజుని కాదు! పగటివేషగాణ్ణి! పుల్లన్న నా పేరు, మీ కాళ్ళకి మొక్కుతాను!" అని బోర్లా పడ్డాడు.

కరాళదంతుడు జాలిగా నవ్వాడు. "అందరూ ఇదే మాట అన్నారు నాయనా. కత్తి చూడగానే ప్రతి యువరాజూ 'నేను వేషగాణ్ణి, వేషగాణ్ణి' అని ఏడ్చినవాడే. మీ వంశంలో పిరికితనం కూడా ఎంత పద్ధతిగా వస్తోందో చూడు, ఒక్క మాటా మారలేదు. మీ నాన్న కూడా అచ్చం ఇలాగే నా కాళ్ళు పట్టుకున్నాడు. కాకపోతే నువ్వు వచ్చినప్పుడు ఎంత రాజసంగా మాట్లాడావు! ఆ మాటలు పుట్టుకతో రావాల్సిందే. నన్ను మోసం చెయ్యలేవు."

అంతగా మెచ్చుకున్న ప్రేక్షకుడు పుల్లన్నకి జన్మలో దొరకలేదు. దొరికినందుకు ఏడ్చాడు.

కరాళదంతుడు అతని జుట్టు పట్టుకుని పీఠం దగ్గరికి ఈడ్చాడు. అప్పుడు పుల్లన్న తల ఎత్తి చూస్తే, విగ్రహం వెనక గోడకి కొట్టిన కొయ్యమేకులకి వరసగా కిరీటాలు వేలాడుతున్నాయి. పచ్చటి వెలుగులో తళతళలాడుతున్నాయి. కరాళదంతుడు బలి ఇచ్చిన రాజకుమారుల కిరీటాలు. ప్రతి కిరీటం వెనకా ఒక చిలక.

పుల్లన్న మెడ చాచి చూశాడు.

అన్నీ బెండువి. అన్నీ తమ మేళంవే. చివరిదాని చిలకకి ముక్కు కాస్త పైకి తిరిగి ఉంది. అలా చెక్కేది వాళ్ళ పెదనాన్న, అమ్మకి అక్క మొగుడు, ఒక్కడే. ఇప్పటి రాజు పట్టాభిషేకానికి ముందు కోటవాళ్ళు పిలిచారని వెళ్ళి మళ్ళీ రాలేదు. రాజుగారు మాగాణి ఇచ్చి ఉంటారు, మేడ కట్టించి ఉంటారు, మనల్ని మరిచిపోయాడని మేళంవాళ్ళంతా అనుకున్నారు. పెద్దమ్మ చచ్చిపోయేదాకా ఆయన్ని తిడుతూనే ఉంది. పుల్లన్న కూడా తిట్టాడు. ఆ ముక్కు తిరిగిన చిలకని చూస్తుంటే అతనికి కాసేపు భయం కూడా మరుపున పడింది.

"పెదనాన్నా!" అని గొల్లుమన్నాడు.

"పెదనాన్న ఏమిటి? అది మీ నాన్నది," అన్నాడు కరాళదంతుడు.

"మా నాన్నది కాదు, నీ మొహంలా ఉంది నీ మంత్రం! తీసి చూడు! ఏ రాజు కిరీటం నీళ్ళల్లో తేలుతుంది? ఏ రాజు గడ్డం కింద తాడు కట్టుకుంటాడు?"

ఆ కోపంలో అతనికి ఒక కిరీటం అందింది. లాగి గుహలో పారే సన్నటి నీటిలో విసిరాడు. సూర్యవంశపు రాజముకుటం గిరగిర తిరుగుతూ, ఎండిన ఆకులాగా తేలుకుంటూ పోయింది.

కరాళదంతుడు దాని వెంట కొంచెం దూరం నడిచాడు. వచ్చి ఇంకోటి తీశాడు. గోటితో గీకాడు. రేకు ఊడింది. ఇంకోటి తీశాడు. అది చేతిలోనే పొడి అయింది. చావు లేని ఆ ముసలివాడు అప్పుడు చావొచ్చినవాడిలా నేలమీద చతికిలబడ్డాడు.

"అయితే... వీళ్ళంతా..."

"కూటికోసం వేషం కట్టినవాళ్ళు స్వామీ. రాజులు ఒక్కళ్ళూ కొండెక్కలేదు."

"నేను శకారం బాగానే పలుకుతున్నానా?"

"ముత్యంలా పలుకుతున్నారు."

కరాళదంతుడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నరికినందుకు కాదు, నరికిన శ్రమ వృథా అయినందుకు. కాసేపటికి ముక్కు చీదుకుని అన్నాడు: "ఒక్కడు మాత్రం తప్పించుకుపోయాడు. మీ ముత్తాతల నాటి మాట. నా చెయ్యి కొరికి పారిపోయాడు. వాణ్ణి వెతుకుతూ నేను కాగడా పట్టుకుని గుహ ముందు తిరుగుతుంటే పొదలంటుకున్నాయి. కింద నగారా మోగింది. వాడికే పట్టం కట్టినట్టున్నారు. వాడూ వేషగాడేనంటావా?"

"వేషగాడే అయ్యుంటాడు. మంచి పనిమంతుడు."

"లేక నువ్వే అబద్ధమాడుతున్నావా?" అని కరాళదంతుడు హఠాత్తుగా తలెత్తాడు. కళ్ళల్లో పాత మెరుపు తిరిగి వచ్చింది. "కిరీటాలు బెండువైతే కావచ్చు. మీ మంత్రులు పిసినారులు. తలలు రాజులవే అయితే?"

గెలిచే ఆటలో పుల్లన్నకి ఎప్పుడూ ఒక బలహీనత ఉంది. జనం చప్పట్లు కొడుతుంటే ఇంకొక్క ముక్క ఎక్కువ చెబుతాడు. అంకాలు ఎన్నోసార్లు తిట్టింది. ఇప్పుడు కూడా నోరు మూసుకుని కాళ్ళు పట్టుకుంటే సరిపోయేది. కాని అతను దర్జాగా చూపుడువేలు చాచాడు.

"తల ఎందుకు స్వామీ, తొందరపాటు? ఒక్క బొట్టు చాలన్నారు కదా. నా వేలు గీసి ప్రమిదలో వెయ్యండి. వెలగకపోతే నన్ను వదిలెయ్యాలి. గుహ ముందు మంట వేసుకుని నా దారిన నేను పోతాను. యక్షిణి మీద ఒట్టు పెట్టండి."

"వెలిగితే?"

"వెలిగితే నా తల మీదే!" అని పుల్లన్న నవ్వాడు. ఆ కొండ ఎక్కాక అతను నవ్వడం అదే మొదలు.

కరాళదంతుడికి ఈ ఏర్పాటు నచ్చింది. ఇన్ని తరాలుగా ఇంత తేలిక మార్గం తనకెందుకు తట్టలేదా అని కూడా నొచ్చుకున్నాడు. యక్షిణి పాదాలు ముట్టి ఒట్టు పెట్టాడు. కత్తి కొసతో వేలు గీశాడు. పుల్లన్న "అబ్బా" అన్నాడు. ఎర్రటి బొట్టు ఒకటి ఉబ్బి, నిలిచి, రాతి ప్రమిదలో రాలింది.

ఏమీ కాలేదు.

"చూశారా!" అన్నాడు పుల్లన్న. చేతులు దులుపుకుని లేచాడు. గుమ్మంవైపు రెండడుగులు వేశాడు.

వెనక నుంచి అతని నీడ పొడుగ్గా గోడమీదికి పాకింది.

తిరిగి చూస్తే యక్షిణి చేతిలో తాటిచెట్టంత జ్వాల నిలబడి ఉంది. గుహలోని పచ్చటి వెలుగంతా బంగారమైంది. నీటిబొట్లు కెంపులయ్యాయి. రాతి విగ్రహం కళ్ళు మెల్లగా తెరుచుకున్నాయి. ఆ వెలుగు గుహ గుమ్మం దాటి, వానమబ్బుల్ని చీల్చుకుని, లోయ మీదుగా రాజధాని దాకా పరుచుకుంది. కొంచెం సేపటికి దూరంగా, గాలిలో తేలుతూ, నగారా మోగింది.

అంకాలు బతికింది. కటకటాలు తెరిచి ఉంటారు. ఈ పాటికి గుమ్మంలోకి వచ్చి కొండకేసి చూస్తూ ఉంటుంది. పుల్లన్న గుండె ఆనందంతో ఒక్క గంతు వేసింది. ఆ వెంటనే తన సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది.

పాపం, ఆ నగారా మోతలోనే అతనికి ముత్తాత గుర్తొచ్చాడు. మేళంలో ముత్తాత గురించి ఇప్పటికీ నవ్వుకుంటారు. ఒకనాటి పొద్దున పాకలో మసి మొహంతో నిద్రలేచి, "నేను యువరాజుని, నన్ను కోటకి తీసుకుపొండి" అన్నాడట. చచ్చేదాకా అదే మాట. సంభావన అందినా వేషం విప్పని మహానటుడని మొదట్లో మెచ్చుకున్నారు. తీరా రాజు వేషం కట్టించి వీధిలో నిలబెడితే, అంత పేలవమైన రాజుని ఎన్నడూ చూడలేదని జనం రాళ్ళు వేశారట. నిజం చెప్పేవాడికి నటన ఎక్కడొస్తుంది? చెయ్యి కొరికి పారిపోయినవాడి మనవళ్ళు సింహాసనం మీద కూర్చుని జ్వరాలు తెచ్చుకుంటున్నారు. పాకలో మిగిలిపోయినవాడి మునిమనవడు...

"ప్రభూ!" అని కరాళదంతుడు సాష్టాంగపడ్డాడు. ఇన్నేళ్ళలో పుల్లన్నని ఆ మాటతో పిలిచినవాళ్ళందరూ వేషాన్ని చూసి పిలిచారు. ఈ ఒక్కడే మనిషిని చూసి పిలిచాడు. తరవాత లేచి, కన్నీళ్ళు తుడుచుకుని, రెండు చేతులా కత్తి ఎత్తాడు. "మెడ కొంచెం వంచండి ప్రభూ. ముసలి చేతులు, ఎత్తు అందదు."

యక్షిణి గుమ్మానికి అడ్డంగా ఒక రాతి పాదం చాచింది. జ్వాల భగ్గుమంది. నగారా మోగుతూనే ఉంది. పుల్లన్న గోడకి ఆనుకుని, చేతులు అడ్డం పెట్టి, నోరు తెరిచాడు.

"నేను రాజుని కాదు," అన్నాడు.

అతని జన్మలో ఏ మాటా అంత పేలవంగా పలకలేదు.